మూడు పాయింట్ల ఆధిక్యం, చివరి సెకన్లు: ఫౌల్ చేయడం మేలా, కాచుకోవడం మేలా?

2013 జూన్ 18, మయామి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మయామి హీట్ మీద శాన్ ఆంటోనియో స్పర్స్ 3-2తో ముందుంది. 28 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు 94-89, ఆధిక్యం స్పర్స్‌దే. కప్పు ఇచ్చే వేడుక కోసం కోర్టు పక్కకు పసుపు తాళ్లు కూడా పట్టుకొచ్చేశారు. చివరికి ఓవర్‌టైమ్‌లో 103-100తో మయామి గెలిచింది. ఏడో మ్యాచ్ కూడా వాళ్లదే, కప్పూ వాళ్లదే.

ఈ మ్యాచ్ ఊసెత్తితే చాలు, కోచ్ గ్రెగ్ పొపోవిచ్ మీద స్పర్స్ అభిమానుల నోట రెండు ఫిర్యాదులు వస్తాయి. మూడు పాయింట్ల తేడా ఉండగా అవతలివాణ్ణి కావాలని పట్టేసి ఫౌల్ ఎందుకు చేయించలేదు? జట్టులోని ఎత్తరి ఆటగాడు టిమ్ డంకన్‌ని బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టాడు? ఎక్కువమంది మొదటిదే పట్టుకుంటారు. నా కడుపుమంట రెండోదాని మీద.

ముందు ఫౌల్ సంగతి చూద్దాం. మూడు పాయింట్లు వెనకబడ్డ జట్టుకు కావాల్సింది ఒక్క త్రీ, అంటే బయటి గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. బంతి ఉన్నవాడు షాట్‌కి లేవకముందే పట్టేస్తే వాళ్లకు దక్కేవి రెండు ఫ్రీ త్రోలే (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు, ఒక్కోదానికి ఒక పాయింట్). రెండూ పడ్డా ఇంకా ఒక పాయింట్ మనదే, బంతీ మనదే. సమం చేయాలంటే మొదటిది వేసి, రెండోది కావాలని తప్పించి, ఆ రీబౌండ్ (షాట్ తప్పి తిరిగొచ్చిన బంతి) పట్టి మళ్లీ బుట్టలో వేయాలి. జరగదని కాదు. 2025 మే 6న క్లీవ్‌లాండ్‌లో ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ రెండో ఫ్రీ త్రో తప్పాడు, తన రీబౌండ్ తనే పట్టుకున్నాడు, త్రీ కొట్టి 120-119తో గెలిపించాడు. ఎప్పుడో గాని జరగదు కాబట్టే ఇలాంటివి అంతగా గుర్తుండిపోతాయి.

అయితే ఫౌల్ చేయడం టీవీ ముందు కూర్చుని అరిచినంత తేలిక కాదు. నువ్వు పట్టుకోబోతున్నావని తెలిస్తే షూటర్ అక్కడికక్కడే షాట్‌కి లేస్తాడు. అప్పుడు మూడు ఫ్రీ త్రోలు. ఖర్మ కాలి ఆ షాట్ పడిందంటే ఆ మూడు పాయింట్లకు తోడు ఒక ఫ్రీ త్రో, మొత్తం నాలుగు పాయింట్లు. పోనీ బంతి లేనివాణ్ణి పట్టుకుందామంటే చివరి రెండు నిమిషాల్లో దానికి వేరే శిక్ష ఉంది: ఒక ఫ్రీ త్రో, పైగా బంతి మళ్లీ వాళ్లకే.

అంతకంటే పెద్ద చిక్కు గడియారంతో. సమయం ఎక్కువ ఉండగానే ఫౌల్ చేస్తే ఆట ఫ్రీ త్రోల పోటీ అయిపోతుంది. వాళ్లు రెండు వేస్తారు, వెంటనే మనల్ని ఫౌల్ చేస్తారు, మనమూ రెండూ వేయాలి. 2025 మే 5న ఓక్లహామా సిటీ కోచ్ మార్క్ డేగ్నాల్ట్ చేసింది అదే. డెన్వర్‌పై మూడు పాయింట్ల ఆధిక్యంలో, ఇంకా తొమ్మిది సెకన్లకు పైగా ఉండగానే కావాలని ఫౌల్ చేయించాడు. తీరా 119-118 మీద ఓక్లహామా ఆటగాడు చెట్ హోల్మ్‌గ్రెన్ రెండు ఫ్రీ త్రోలూ తప్పాడు. డెన్వర్ ఆటగాడు ఆరన్ గోర్డన్ త్రీ కొట్టాడు. డెన్వర్ 121-119. ఆ సీజన్ కప్పు చివరికి ఓక్లహామాకే వచ్చింది కాబట్టి ఆ గొడవ సద్దుమణిగింది గాని, లేకపోతే డేగ్నాల్ట్‌ని ఈపాటికి ఉతికి ఆరేసేవాళ్లు.

మళ్లీ మయామికి వద్దాం. స్కోరు 95-92 అయ్యేసరికి గడియారంలో 19 సెకన్లు ఉన్నాయి. అంతకుముందే స్పర్స్ ఆటగాడు జినోబిలీ రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి తప్పాడు, అతని సహచరుడు లెనార్డ్ కూడా రెండింట్లో ఒకటి తప్పాడు. చేతులు అలా వణుకుతున్న జట్టును ఫ్రీ త్రోల పోటీకి దించమని నేనైతే చెప్పను. అక్కడ కాచుకోవడమే మేలు. ఆ విషయంలో పొపోవిచ్‌ని తప్పుపట్టను.

కానీ ఎవరితో కాచుకున్నాడు? ఆ రాత్రి డంకన్‌వి 30 పాయింట్లు, 17 రీబౌండ్లు. అలాంటివాణ్ణి తీసేసి బోరిస్ డియావ్‌ని దించాడు. లెక్క అర్థమవుతుంది: త్రీ కొట్టేవాళ్ల వెంట 37 ఏళ్ల డంకన్ బయటి గీత దాకా పరిగెత్తలేడు, డియావ్ అయితే ఎవరికైనా మారి కాచుకోగలడు. విచిత్రం ఏమిటంటే ఆ కాపలా పనిచేసింది. 94-89 మీద మయామి ఆటగాడు లెబ్రాన్ మొదటి త్రీ తప్పాడు. రీబౌండ్ మయామికే పోయింది, రెండో త్రీ పడింది. సరే, ఒకసారి జరిగింది. 95-92 దగ్గర మళ్లీ డంకన్ బెంచీ మీదే! మళ్లీ లెబ్రాన్ తప్పాడు, మళ్లీ రీబౌండ్ పోయింది. మయామి ఎత్తరి క్రిస్ బాష్ పైకి లేచి బంతి అందుకున్నాడు. అతని సహచరుడు రే అలెన్ కిందికి చూడకుండానే వెనక్కి అడుగులు వేసుకుంటూ కుడి మూలకు చేరాడు. బంతి అందగానే లేచి కొట్టాడు. 95-95, మిగిలింది 5.2 సెకన్లు.

పాతిక సెకన్ల లోపు ఒకే తప్పు రెండుసార్లు. మొదటిసారి తప్పాక కూడా కళ్లు తెరుచుకోకపోతే ఎలా? పొట్టి గార్డుల్లో ఒకరిని కూర్చోబెట్టి డియావ్, డంకన్ ఇద్దరినీ ఉంచితే అడ్డుకున్నవాడెవడు? షాట్ తప్పాక బంతి పట్టేవాడు లేకపోతే ఎంత గొప్ప డిఫెన్స్ అయినా సగమే.

నన్నడిగితే ఆరేడు సెకన్లకు పైన ఉంటే ఫౌల్ వద్దు, త్రీ గీత దగ్గర కాచుకోవాలి, అదీ రీబౌండర్‌ని లోపల పెట్టుకునే. అంతకంటే తక్కువ ఉంటే, బంతి పట్టినవాడు బుట్టవైపు తిరగకముందే ఫౌల్ చేసేయాలి. రీబౌండ్ బాష్ చేతికొచ్చినప్పుడు సరిగ్గా అలాంటి సందే దొరికింది. సమయం కూడా సరిపోయింది. పట్టుకోవడానికి అతనంత ఎత్తు మనిషి పక్కన ఉండాలి, పొపోవిచ్ ఆ డంకన్‌నే బయట పెట్టాడు. ఫౌల్ చేయలేదని తిట్టేవాళ్లు కూడా చివరికి తిరిగి డంకన్ దగ్గరికే రావాలి.