తెరచాప తాళ్లు: కాక్‌పిట్‌లోకా, మాస్ట్ దగ్గరేనా?

తిరుపతి నుంచి సెలవుల్లో చెన్నై వెళ్లి సెయిలింగ్ నేర్చుకునే మా వాళ్లలో ఈ వాదన తరచూ వస్తుంది. తాళ్లన్నీ కప్పీల మీదుగా కాక్‌పిట్‌లోకి (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) తెచ్చుకోవాలా, మాస్ట్ (తెరచాపను నిలిపే స్తంభం) దగ్గరే ఉంచాలా?

గాలి ముదిరితే తెరచాపను కుదించాలి. తాళ్లు కాక్‌పిట్‌లోనే ఉంటే, అలలకు ఊగే డెక్ మీదికి ఎవరూ వెళ్లనక్కర్లేదు. ఇద్దరే ఉన్న పడవలో, అదీ రాత్రిపూట, ఇంతకన్నా పెద్ద లాభం లేదు. కానీ తాడు మాస్ట్ మొదట్లో ఒక కప్పీ, డెక్ మీద మరొకటి, ఆపైన క్లచ్ (తాడు జారకుండా పట్టి ఉంచే బిగింపు) దాటి రావాలి. ప్రతి మలుపులో రాపిడే. మన బలంలో కొంత అక్కడే పోతుంది, చివర్లో వించ్ (తాడు చుట్టి లాగే డ్రమ్ము) తిప్పక తప్పదు. పైగా బిగించిన హాలియార్డ్ (తెరచాపను పైకి లేపే తాడు) మాస్ట్ మొదట్లోని కప్పీని పైకి లాగుతుంది. ఆ కప్పీని గట్టిగా బిగించకపోతే డెక్‌కే దెబ్బ.

మాస్ట్ దగ్గర నిలబడి ఒంటి బరువంతా వేసి లాగితే మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప) చకచకా లేస్తుంది. ఎక్కడ ఇరుక్కుందో కళ్లెదుటే కనిపిస్తుంది. ఖర్చూ తక్కువ.

నాకు అసలు నచ్చనిది సగం సగం పద్ధతి. హాలియార్డ్ కాక్‌పిట్‌లో, రీఫింగ్ కొక్కెం (కుదించిన తెరచాపను తగిలించేది) మాస్ట్ దగ్గర ఉంటే, ఒంటరిగా ఉన్నవాడు అటూ ఇటూ పరిగెత్తాలి. ఈ రెండూ ఒకేచోట ఉండాలి. ఇద్దరే వెళ్లేట్టయితే కాక్‌పిట్‌లోనే పెట్టండి, బాల్ బేరింగ్ కప్పీలు వేయండి. మనుషులు ఎక్కువుంటే మాస్టే మేలు. మాటిమాటికీ సర్దే వ్యాంగ్ (తెరచాప కింది కర్ర పైకి లేవకుండా పట్టేది), కన్నింగ్‌హామ్ (తెరచాప ముందు అంచును బిగించేది) తాళ్లు మాత్రం ఎలాగైనా చేతికందేలా కాక్‌పిట్‌లోకే రావాలి.