సింగ్‌నగర్, పాయకాపురం వాసులకు హెచ్చరిక: తడి గోడ మీద ‘బూజు నివారణ’ రంగు వేయించుకోకండి

విజయవాడలో మన కాలనీలను ముంచిన బుడమేరు వాగు వరద నీళ్లు దిగిన దగ్గర నుంచి మన వీధి గ్రూపులన్నింటిలో తిరుగుతున్న ఆ పసుపు పచ్చ పోస్టరు ఏ రంగులు వేసేవారిదో మీకు వేరే చెప్పనక్కరలేదు కాబట్టి పేరు రాయడం లేదు. ‘వరద ఇళ్లకు ప్రత్యేక ప్యాకేజీ, బూజుపై 10 సంవత్సరాల వారంటీ, తేమ మీటరుతో పరీక్షించాకే పని’ అని వేసుకున్నవారే. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోరు ఇళ్లకు ఇచ్చిన 25,000 రూపాయలు ఖాతాలో పడటమే ఆలస్యం, అందులో అధిక భాగం తీసుకెళ్లి వారి చేతిలో పోశాం. దసరాకు ఇల్లు తెల్లగా మెరిసింది. దీపావళి రాకముందే నల్లబడింది.

నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ తేమ మీటరు గురించి. పని మొదలుపెట్టిన రోజు ఉదయం వచ్చిన కుర్రాడు రెండు సూదులున్న ఆ పరికరాన్ని సంచిలోంచి తీసి, హాల్లో వరద నీటి గీతకు కాస్త కిందుగా గోడకు గుచ్చాడు. అది కీచుమంది, ఎర్ర లైటు వెలిగింది. కుర్రాడు సూపర్‌వైజరు ముఖం వైపు చూశాడు. ఆయన ఏమీ తొణక్కుండా మీటరు అందుకుని, స్విచ్చి ఆపేసి, “బ్యాటరీ వీక్‌గా ఉంది సార్, తప్పు చూపిస్తోంది. చేత్తో తడిమి చూడండి, పొడిగానే ఉందిగా” అంటూ దాన్ని తిరిగి సంచిలో పెట్టేశాడు. ఆ తర్వాత ఏదో ద్రావణం స్ప్రే చేసి, ఒక పూట ఆగి, ప్రైమరు, పుట్టీ, ‘యాంటీ ఫంగల్’ ఎమల్షన్ రెండు కోట్లు వేసి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లారు.

కొన్నాళ్లకే బీరువా వెనక గోడ మీద రంగు బుడగలుగా పొంగింది. బొటనవేలితో నొక్కితే పొర చిరిగి, గోధుమరంగు నీరు సన్నటి చారలా స్కర్టింగ్ టైల్స్ దాకా కారింది. పొర లాగి చూస్తే అడుగున నల్లటి చుక్కలు, ముక్కిపోయిన వాసన. అసలే ఆయాసం ఉన్న మా అమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసింది.

వారి చేత ఫోను ఎత్తించడానికి పడిన అవస్థ వేరే కథ. చివరకు అదే సూపర్‌వైజరు వచ్చి, ముందుగా “ఇది బూజు కాదు సార్, చౌడు” అన్నాడు. చౌడు అంటే గోడలోంచి బయటికి వచ్చే ఉప్పు, అది తెల్లగా పొడిలా పూస్తుంది, నీటి చుక్క వేస్తే కరుగుతుంది. నల్ల చౌడు గురించి నేను మొదటిసారి ఆయన నోటే విన్నాను. ఆ మాట సాగదని తెలిశాక అదే సంచిలోంచి అదే మీటరు తీశాడు. ఈసారి బ్యాటరీ దివ్యంగా ఉంది. గోడకు గుచ్చగానే అదే కీచు, అదే ఎర్ర లైటు. దాన్ని ఫోనులో శ్రద్ధగా ఫోటో తీసుకుని, “చూశారుగా సార్, గోడలో తేమ ఉంది. తేమ ఉన్న గోడకు వారంటీ వర్తించదు, మీరు సంతకం చేసిన కాగితంలోనే ఉంది” అన్నాడు. “ఆ రోజు కూడా ఇలాగే మోగింది కదయ్యా?” అని మా అమ్మ అడిగితే, “పెద్దవారు, మీకు తెలియదులెండి. ఇంట్లో బట్టలు ఆరేసుకుంటే ఇలాగే అవుతుంది” అని చెప్పులు వేసుకున్నాడు. తేమ లేని గోడకు బూజు పట్టదు, తేమ ఉన్న గోడకు వారంటీ లేదు. మరి ఆ పది సంవత్సరాల హామీ ఏ గోడకో ఆయనే చెప్పాలి.

ఇప్పుడు చదివి తెలుసుకున్నదాన్ని బట్టి, ఆ పని మొదలుపెట్టడమే తప్పు. ఇటుకను 24 గంటలు నీటిలో ముంచితే తన బరువులో 20 శాతం వరకు నీరు పీల్చవచ్చునని ఇటుకలకు మన దేశం పెట్టిన ఐ.ఎస్. (భారతీయ ప్రమాణం) కూడా ఒప్పుకుంటుంది, మన గోడలు రోజుల తరబడి మురుగు నీటిలో నానాయి, పైగా ఆ నీరు పైకి పాకి గీతకు ఎగువన కూడా చేరింది. తడి గోడ అంగుళం మందం ఆరడానికి దాదాపు నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచి ఆరినా దానికి నాలుగైదు నెలలు కావాలి, అదీ స్కర్టింగ్ టైల్స్, ప్లాస్టిక్ లాంటి రంగు అడ్డం లేకపోతేనే. పైన చేతికి పొడిగా తగిలిన గోడ లోపల పొడిగా ఉన్నట్టు కాదు. దాని మీద ఎమల్షన్ వేయడమంటే తడి బట్టను పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద పెట్టడమే.

ఆ ద్రావణం సంగతి కూడా చెప్పాలి. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఏ మందూ ఇంట్లోంచి తరిమేయలేదు. ఇటుక, సిమెంటు వాటికి ఆహారం కావు. రంగులోని జిగురు, దుమ్ము, ప్లైవుడ్, అట్ట, బట్ట ఆహారం. నీరు దొరికితే 24 నుంచి 48 గంటల్లో మొలకెత్తుతాయి. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి దాన్ని గీకి తీసేయాలే తప్ప మీద రంగు పూసి దాచకూడదు. మనం అదుపు చేయగలిగింది నీటిని ఒక్కదాన్నే, అది వీరి ప్యాకేజీలో లేదు.

ఇంకా రంగు వేయించనివారు దయచేసి ఆగండి. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి 16 గంటల తర్వాత చూడండి, లోపల చెమ్మ కనిపిస్తే గోడ ఆరలేదు. బీరువాలు గోడకు జానెడు దూరం జరపండి, వరదలో నానిన పరుపులు పారేయండి, వాన లేనప్పుడు కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిప్పండి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి. బూజు గీకేటప్పుడు ఎన్-95 మాస్కు తప్పనిసరి. బ్లీచింగును బాత్రూం యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. ఈ లోగా గోడ మరీ చూడలేకపోతే సున్నం కొట్టించండి, అది గోడను ఆరనిస్తుంది.

ఇప్పటికే వీరి చేతిలో పడినవారు పోస్టరు, రశీదు, షరతుల కాగితం ఫోటోలు తీసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నేను ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు రెండేళ్ల లోపు వేయాలి. మీటరు సంచిలోంచి బయటికి వస్తే మాత్రం ముందు మీ ఫోనులో వీడియో ఆన్ చేయండి.