పీఎఫ్‌సీ షేరు ఐదేళ్లు దాటి పట్టుకున్నాక నా రివ్యూ

2020 లాక్‌డౌన్‌లో మార్కెట్ కుదేలైనప్పుడు కరెంటు కంపెనీలకి అప్పులిచ్చే సర్కారు సంస్థ పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ (పీఎఫ్‌సీ) షేర్లు 400 కొన్నాను, వంద లోపే దొరికాయి. ఒక్కటి కూడా అమ్మలేదు. 2023 సెప్టెంబర్‌లో నాలుగు షేర్లకి ఒకటి బోనస్‌గా, అంటే ఉచితంగా ఇచ్చారు, ఇప్పుడు 500 అయ్యాయి. ఈ షేరు కొనొచ్చా అని ఎవరైనా అడిగితే డివిడెండ్ (లాభంలో మనకి పంచే డబ్బు) శాతం పక్కన పెట్టండి, దీని దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు తిరిగి కడుతున్నారా లేదా చూడండి అంటాను.

ముందు మంచి చెప్తా. డివిడెండ్ ఇప్పుడు ఏడాదిలో నాలుగైదు సార్లు విడతలుగా వస్తుంది. 2021-22కి షేరుకి 12 రూపాయలు, తర్వాత 13.25, 13.50, 2024-25కి 15.80, అంటే ఆ ఒక్క ఏడాదికే నాకు 7,900, నేను పెట్టింది 40 వేల లోపు. కానీ నా లెక్క చూసి ఇప్పుడు కొనకండి, నాది పాత రేటు, ఇవాళ్టి రేటుకి ఆ శాతం రాదు. టాక్స్ కూడా చూసుకోండి, నాకు ఏడాదికి 5 వేలు దాటగానే 10 శాతం టీడీఎస్ కట్ చేశారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ లిమిట్ 10 వేలు చేశారు.

ఇంకోటి, నేను బ్యాంక్ మార్చినప్పుడు డీమ్యాట్‌లో అకౌంట్ నంబర్ మార్చడం మర్చిపోయా, రెండు డివిడెండ్లు వెనక్కి వెళ్లిపోయాయి, కంపెనీ తరఫున షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కి మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టి క్యాన్సిల్డ్ చెక్ పంపితే గానీ రాలేదు. ఏడేళ్లు అడక్కపోతే ఆ డబ్బు, షేర్లతో సహా ఐఈపీఎఫ్ అనే సర్కారు ఫండ్‌కి పోతుంది, కాబట్టి ముందే సరిచూసుకోండి.

ఇక రిస్క్. మా ఆవిడ డిస్కంలో (ఇళ్లకి, పొలాలకి కరెంటు సరఫరా చేసే సంస్థ) అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తుంది. రైతుల ఫ్రీ కరెంటుకి సర్కారు ఇవ్వాల్సిన సబ్సిడీ లేటైతే డిస్కం జెన్‌కోకి (కరెంటు తయారు చేసే సంస్థ) కట్టలేకపోతుంది, జెన్‌కో తెచ్చిన అప్పేమో ఇలాంటి కంపెనీల దగ్గరే, ఈ గొలుసు నాకు ఇంట్లోనే అర్థమైంది. 2020 మేలో కేంద్రం డిస్కంలకి 90 వేల కోట్లు అని ప్రకటించింది కదా, అది బడ్జెట్ డబ్బు కాదు, పీఎఫ్‌సీతో, ఇలాంటిదే ఇంకో సంస్థ ఆర్‌ఈసీతో అప్పుగా ఇప్పించింది. పీఎఫ్‌సీలో సర్కారుకి దాదాపు 56 శాతం వాటా ఉండటం బలమే, అప్పు చౌకగా పుడుతుంది, కానీ సర్కారు అవసరానికి కూడా ఇదే వాడబడుతుంది. 2019లో ఆర్‌ఈసీలో కేంద్రం వాటాని సుమారు 14,500 కోట్లు పెట్టి కొనింది కూడా ఇదే. కాళేశ్వరం ప్రాజెక్టుకి అప్పులిచ్చిన వాటిలో కూడా ఈ రెండూ ఉన్నాయి, 2023 అక్టోబర్‌లో అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయని టీవీలో చూసినప్పుడు నాకు ముందు ఈ షేరే గుర్తొచ్చింది.

అయితే ఇదివరకు మొండి బాకీలు ఎక్కువ ప్రైవేట్ థర్మల్ ప్లాంట్లవి, బొగ్గు దొరక్క, కరెంటు కొనేవాళ్లు లేక ఆగిపోయినవి. 2018లో వంద రూపాయల అప్పుకి తొమ్మిది దాటి మొండిగా ఉండేవి, 2025 మార్చికి రెండు లోపుకి వచ్చాయి. నేను ఇన్నాళ్లు ఆగడానికి కారణం ఈ నంబరే.

రేటు మాత్రం గుండె జారేలా ఊగుతుంది. ఇంకా నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులకిచ్చిన అప్పుల్లో 5 శాతం వరకు, అవి మొండిబాకీ అయితే తట్టుకోవడానికి అప్పిచ్చినవాళ్లు పక్కన పెట్టాలని ఆర్‌బీఐ 2024 మేలో డ్రాఫ్ట్ ఇస్తే సోమవారం మార్కెట్ తెరవగానే దబ్బున పడింది, నెల తిరక్కుండా జూన్ 4న ఎలక్షన్ రిజల్ట్స్ రోజు ఒక్కరోజులో ఐదో వంతు దాకా పోయింది. 2025 జూన్‌లో ఫైనల్ రూల్ చూస్తే చాలా ప్రాజెక్టులకి 1 శాతమే. ఆ భయంలో అమ్ముకున్నవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నేనైతే ఉన్నవి ఉంచుకుంటా, కొత్తగా కొనను. మా ఇంటి జీతం కూడా ఆ కరెంటు బిల్లుల మీదే వస్తుంది, డిస్కంలు ఇబ్బందిలో పడితే జీతం, డివిడెండ్ రెండూ ఒకేసారి ఆగుతాయి.