ఒకటికీ పదికీ తేడా తెలియని లెడ్జరు: పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముకు చేయించిన మరమ్మతు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా కిరాణా హోల్‌సేల్ దుకాణంలో బిల్లులూ బాకీలూ ఇప్పటికీ విజువల్ ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత ప్రోగ్రాములోనే నడుస్తున్నాయి. ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ అయిన 9 వచ్చింది 2004లో. మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ముగిసింది. కనుక ఏదైనా తేడా వస్తే చూసేవారు దొరకడమే కష్టం. బరంపురం నుంచి పిలిపించుకున్న ఒక ప్రోగ్రామరు చేసిన పని గురించి, ఇలాంటి ప్రోగ్రాములతోనే నెట్టుకొస్తున్న వ్యాపారుల కోసం రాస్తున్నాను.

తేడా కాశీనగర్ లైనులో బయటపడింది. అక్కడి ఖాతాదారులకు కె1, కె2 అని వరుసగా కోడ్‌లు ఇచ్చుకున్నాం. కె1 ఒక చిన్న పాన్ దుకాణం. ఆయన చేతికి లెడ్జరు కాగితం ఇస్తే, "ఇన్ని నూనె డబ్బాలు నేనెప్పుడు తీసుకున్నాను బాబూ?" అని అడిగారు. ఆ డబ్బాలు కె12 అయిన హోటలువారివి. గుమాస్తాను నేనే కనుక మా షావుకారు గారి అనుమానం మొదట నా మీదికే వచ్చింది. తీరా చూస్తే పద్దు కె12లోనే ఉంది, కె12 లెడ్జరు తీస్తే సరిగ్గానే వచ్చింది. కె1 తీసినప్పుడు మాత్రం కె10 మొదలుకొని ఉన్న పద్దులన్నీ దానితో కలిసి వచ్చాయి.

అంతకుముందు పిలిచిన మరొకరు, పోలికలన్నీ కచ్చితంగా జరపాలన్న సెట్ ఎగ్జాక్ట్ ఆన్ అనే ఆజ్ఞను ప్రోగ్రాము మొదట్లో ఒక వరుసగా చేర్చి డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు. లెడ్జరు బాగుపడింది గానీ, పేరులోని మొదటి మూడు అక్షరాలు కొట్టి ఖాతాను వెతికే సౌకర్యం పోయింది. బాకీల మొత్తం చూపే పట్టికలో పాత తప్పు అలాగే మిగిలింది.

బరంపురం ఆయన కీబోర్డు ముట్టుకోకముందే డేటా ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులోకి నకలు చేసుకున్నారు. ఆ ఒక్క పనితోనే నాకు నమ్మకం కుదిరింది. తర్వాత కారణం విప్పి చెప్పారు. ఫాక్స్‌ప్రోలో ఒంటి సమాన గుర్తు, మామూలు స్థితిలో, కుడి పక్కనున్న పదం ఎంత పొడవుంటే అంతవరకే పోలుస్తుంది. ఎడమన కె12, కుడిన కె1 ఉంటే సమానమంటుంది; అటూ ఇటూ మారిస్తే కాదంటుంది. కాశీనగర్‌లో ఖాతాలు తొమ్మిది దాటనంత కాలం ఈ తప్పు బయటపడే అవకాశమే లేదు. బాకీల పట్టిక ఎస్‌క్యూఎల్ (డేటాను ప్రశ్న అడిగినట్టుగా రాబట్టే భాష) ఆజ్ఞతో తయారవుతుంది కనుక దానికి సెట్ ఆన్సీ అనే వేరే అమరిక ఉందట. పైగా సొంత డేటా సెషన్‌తో, అంటే మిగతా ప్రోగ్రాముతో కలవకుండా విడిగా, తెరుచుకునే ఫారాలలో ఈ అమరికలన్నీ మళ్ళీ మొదటి స్థితికి వచ్చేస్తాయి కనుక, ప్రోగ్రాము మొదట్లో రాసిన వరుస వాటికి వర్తించదు. అందుకని ఆ వరుసను తీసేసి, అవసరమైన చోట్ల మాత్రమే జంట సమాన గుర్తు పెట్టారు. లెడ్జరు పోలికలో ఆ గుర్తు చివరి ఖాళీలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి రెండు పక్కలా ఖాళీలు కత్తిరించారు.

మేము అడగకపోయినా ఆయన పట్టుకున్న తప్పు ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే అసలు విలువైన పని. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడికి మా వ్యాన్లో సరుకు వెళుతుంది. జీఎస్టీ నంబరులోని మొదటి రెండు అంకెలు ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. బిల్లు ఫారం మా 21ని కొనేవారి రెండంకెలతో పోల్చి, సమానమైతే పన్నును కేంద్రానికీ రాష్ట్రానికీ విడదీస్తుంది, కాకపోతే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) వేస్తుంది. నంబరు లేని చిన్న దుకాణదారుల విషయంలో ఖాళీలు కత్తిరించాక కుడి పక్కన ఏమీ మిగలదు. ఏమీ లేనిదానితో పోలిస్తే ఏదైనా సమానమే అవుతుంది. దాంతో నంబరు లేని పాతపట్నం దుకాణాలన్నీ ఒడిశా లెక్కలోకి వచ్చాయి. బిల్లు మొత్తం మారదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు నంబరు లేనివారికి రాష్ట్రాన్ని చిరునామా నుంచి తీసుకుంటోంది. పాత బిల్లుల పన్ను సర్దుబాటును ఆడిటరు గారికి అప్పగించాం.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజున ఒక్కసారీ రాలేదు, మూడు విడతలుగా వచ్చి పని ముగించారు. నాలుగు వేలకు రశీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఏయే చోట్ల ఏం మార్చారో రాసివ్వమని నేను పట్టుబట్టాల్సి వచ్చింది. ఇచ్చిన జాబితా మాత్రం శుభ్రంగా ఉంది. తేదీల సమస్య ఇంకా తీరలేదు. మా ఫైలులో తేదీ అక్షరాలుగా, రోజు ముందు వచ్చేలా ఉంది కాబట్టి ఏప్రిల్ 5 కంటే మార్చి 31 పెద్దదని ప్రోగ్రాము భావిస్తోంది. సంవత్సరం ముందు వచ్చేలా మార్చాలంటే పాత పద్దులన్నీ తిరగరాయాలట. రథయాత్ర అయ్యాక వస్తానన్నారు; అంతవరకు గడువు దాటిన బాకీల జాబితా నేను చేత్తోనే రాస్తున్నాను.