స్తంభాల మీదా, నేల కిందా: విశాఖ కరెంటుకు ఏది మేలు?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను తీరం దాటాక వీధిలోకి వచ్చి చూస్తే కరెంటు స్తంభాలు మొదలంటా విరిగి, తీగలతో సహా రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. వాటి మీద ఒక వేపచెట్టు. ఆ రోజు నుంచి విశాఖలో కరెంటు ప్రస్తావన వస్తే ‘అన్నీ భూమిలోకి దించేస్తే పీడ వదులుతుంది’ అనేవారే ఎక్కువ. నేనూ అన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను.

తొడుగు లేని తీగల గుణం ఒకటుంది: తెగితే కంటికి కనిపిస్తాయి. లైన్‌మన్ ఎల్సీ (లైనులో కరెంటు ఆపించి పని చేసుకునే అనుమతి) తీసుకుని స్తంభమెక్కి అతుకు వేసి దిగుతాడు. ఖర్చూ తక్కువే. అయితే సముద్రం పక్కన వీటికి తుపాను ఒక్కటే శత్రువు కాదు. బీచ్ రోడ్డు వైపు ఇన్సులేటర్ల (తీగ నుంచి స్తంభానికి కరెంటు పాకకుండా ఆపే బుడిపెల) మీద ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఎండలో దానితో ఇబ్బంది లేదు. తెల్లవారుజామున మంచుకో తొలి చినుకుకో తడిసిందంటే కరెంటుకు అదే దారి. చిటపటమని చప్పుడు, నీలిరంగు మెరుపు, వెంటనే ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్. జడివాన కురిస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది. నాలుగు చినుకులకే కరెంటు పోవడమేమిటని విసుక్కునేవారు ఉప్పును కూడా కాస్త తిట్టుకోవాలి.

మధ్యే మార్గం ఏబీ కేబుల్. తొడుగు వేసిన తీగలన్నీ ఒక్క జడలా అల్లి స్తంభాల మీదుగా లాగుతారు. కొమ్మ తగిలినా షార్ట్ కాదు, కొక్కెం వేసి కరెంటు లాగడమూ సులువు కాదు. స్తంభం పడితే మాత్రం ఇదీ పడుతుంది.

ఇక భూగర్భ కేబుల్. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో ఈ పనులు చేపట్టారు. గాలికి దీని జోలికి రావడం చేతకాదు. అసలు చిక్కు చెడిపోయినప్పుడే. ఎక్కడ చెడిందో పైకి కనిపించదు. పరీక్ష యంత్రం తెచ్చి, చోటు పట్టి, తవ్వి, అతుకు వేయాలి. ఆ అతుకులోకి తడి చేరితే మళ్లీ మొదటికి. మంచినీటి గొట్టం కోసం వచ్చిన జేసీబీకి కింద కేబుల్ ఉన్న సంగతి తెలియకపోతే దాని పని అది చేసుకుపోతుంది! పైగా ఖర్చు పై తీగలకు ఎన్నో రెట్లు. కొండవాలు కాలనీల్లో, మెట్ల సందుల్లో రాతిని తొలిచి కందకం తీయడం ఇంకొక యాతన.

నన్నడిగితే తీరం వెంబడి, ఆసుపత్రులకూ మంచినీటి పంపులకూ వెళ్లే 11 కేవీ ఫీడర్లు నేల కిందికి పోవాలి. కొండవాలుకు ఏబీ కేబుల్ చాలు. కానీ అన్నిటికన్నా ముందు ప్రతి ఫీడరుకూ రెండో వైపు నుంచి సరఫరా అందే ఏర్పాటు ఉండాలి. రింగ్ మెయిన్ యూనిట్ అనే ఇనుప పెట్టెలు అందుకే: చెడిన ముక్కను విడదీసి, మిగతా వీధులకు ఇంకో వైపు నుంచి కరెంటు తిప్పుతారు. ఆ దారి లేకుండా కేబుల్ పాతితే, మునుపు రెండు గంటల్లో వచ్చే కరెంటు రెండు రోజులకు వస్తుంది.

అన్నట్టు, ఆ పెట్టెను పెట్టే దిమ్మె ఎత్తు కూడా అడగండి. వానాకాలంలో మీ వీధి గోడల మీద నీటి చార ఎంతవరకు పడుతుందో చూసి మరీ అడగండి.