స్పిట్‌ఫైర్ మోడల్: 1/72 స్కేలా, 1/48 స్కేలా?

స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం. అసలు విమానం రెక్కల వెడల్పు, ఒక కొన నుంచి మరో కొన దాకా, 11.23 మీటర్లు. 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు సైజులో, అది దాదాపు 15.6 సెంటీమీటర్లు, 1/48లో 23.4. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ, రంగు వేయాల్సిన ఉపరితలం రెండుంబావు రెట్లు పెరుగుతుంది.

కాక్‌పిట్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు 1/48 తీసుకోవాలి. సీటు బెల్టులు, డయల్స్, లోపలి బూడిద-ఆకుపచ్చ రంగు, అన్నీ బ్రష్‌కి అందుతాయి, పైకప్పు తెరిచి పెడితే కనిపిస్తాయి కూడా. 1/72లో అంత కష్టపడినా పైకప్పు మూశాక చాలావరకు కనపడదు.

రంగుల దగ్గర 1/72 కఠినమైన పరీక్ష. 1940 నాటి బ్రిటిష్ ఫైటర్లకు పైన ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ. ఈ రెండూ కలిసే అంచు ఒక్క మిల్లీమీటరు మసకబారితే, అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు మసకబారినట్టు లెక్క. 1/48లో 4.8 మాత్రమే. అందుకే చిన్న స్కేలులో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కన్నా, మాస్కింగ్ టేప్ పెట్టి మంచి బ్రష్‌తో వేసిన అంచే నాకు నిజంగా అనిపిస్తుంది.

నలుగురు కలిసి ఒకే స్క్వాడ్రన్‌ (విమానాల దళం) కట్టాలనుకుంటే మాత్రం 1/72 అనే చెబుతాను. బ్రిటిష్ మోడల్ కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ 1950లలో తెచ్చిన తొలి స్పిట్‌ఫైర్ కిట్ కూడా ఈ స్కేలే. ధర తక్కువ, పన్నెండు విమానాలు ఒకే అరలో పడతాయి, పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరి పనితనం ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది.