ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో పిప్పిపళ్లకు ఏది మేలు: వేప పుల్లా, పళ్లపొడా, పేస్టా?

అనంతపురం, సత్యసాయి జిల్లాల పల్లెల్లో తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది: "మా బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉందంటారు, మళ్లీ ఫ్లోరైడ్ పేస్టు ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే. రాతి పొరల్లో చాలాకాలం నిలిచిన లోతు బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. సున్నం శాతం తక్కువగా ఉన్న నీళ్లలో అది మరీ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలని, వేరే దారి లేకపోతే 1.5 దాటకూడదని మన దేశ ప్రమాణం. అది దాటిన ఊళ్లో పిల్లల ముందు పళ్ల మీద సుద్ద చారలు, గోధుమ మచ్చలు కనిపిస్తాయి.

అయితే నీళ్ల ఫ్లోరైడ్ చేసే చెడుపు, పేస్టు ఫ్లోరైడ్ చేసే మేలు వేర్వేరు దారుల్లో జరుగుతాయి. చెడుపు కడుపులోకి పోయినదానితో వస్తుంది. దవడ ఎముకలో పన్ను తయారవుతున్న కాలంలో, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా, రోజూ మింగిన ఫ్లోరైడ్ పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను పాడు చేస్తుంది. మేలు మాత్రం పైపూతగా అందుతుంది. తీపి, పిండి పదార్థాలు తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీది పాచిలో ఉన్న సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరుగుతుంది. అప్పుడు పంటిని అంటుకుని ఉన్న కాస్త ఫ్లోరైడ్ ఆ ఖనిజాన్ని తిరిగి కూర్చి గట్టిపరుస్తుంది. ఇందుకు మింగనక్కర లేదు.

లెక్క చూస్తే భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు పిల్లవాడు రోజుకు లీటరు తాగితే 2 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. సంగటికి, పప్పుకు పోసిన నీళ్లు దీనికి అదనం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (గ్రాము పేస్టుకు 1 మిల్లీగ్రాము) మించకూడదు, ఎంతుందో ట్యూబు మీద రాసి ఉండాలి. బఠాణీ గింజంత పేస్టు దాదాపు పావు గ్రాము. అందులో ఉండేది 0.25 మిల్లీగ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.5. ఉమ్మేస్తే అందులో కొద్ది భాగమే. కానీ బ్రష్ పొడవునా పేస్టు పరిచి, తియ్యగా ఉందని పిల్లవాడు మింగుతుంటే నీళ్లతో సమానంగా చేరుతుంది. కాబట్టి మార్చాల్సింది ముందు నీళ్లను, ఆ తర్వాత పేస్టు కొలతను.

మూడేళ్లలోపు బియ్యం గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. పేస్టు పెద్దవాళ్లే వెయ్యాలి. నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 దాటి, ఆ నీళ్లే తాగక తప్పని ఇంట్లో, ఉమ్మడం రాని పసిబిడ్డ విషయంలో దంతవైద్యుల మధ్య కూడా ఒకే మాట లేదు. అక్కడ ఫ్లోరైడ్ లేని పేస్టుతో తోమి, అవసరమైతే డాక్టరు చేత ఫ్లోరైడ్ వార్నిష్ (పంటికి అతుక్కుని ఉండే పూత) పూయించడం సబబు. ఉమ్మడం వచ్చాక మామూలు పేస్టుకు మారొచ్చు. ఎనిమిదేళ్లు దాటినవారికి, పెద్దలకు ఫ్లోరైడ్ పేస్టు మానడానికి కారణమే లేదు.

నీళ్ల సంగతీ తేల్చుకోండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. బోరు ఐదు నిమిషాలు వదిలి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజు సీసా వద్దు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడపోసినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా అంతే. ఆర్‌ఓ తీసేస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత కూడా తీసేస్తుంది. తాగడానికి క్యాన్ నీళ్లు కొని, వంటకు బోరు నీళ్లే పోస్తే సగం పని మిగిలే ఉంటుంది.

వేప పుల్ల, కానుగ పుల్ల

తాజా పుల్ల కొస బాగా నమిలి కుంచెలా చేసి, చిగురు వైపు నుంచి పంటి కొసకు తోమితే బయటి వైపులు శుభ్రపడతాయి. వేపలో సూక్ష్మజీవులను అణచే గుణమూ ఉంది. అయినా పళ్లు ఎక్కువగా పుచ్చేది దవడ పళ్ల నమిలే భాగంలోని సన్నని గాడుల్లో, పంటికీ పంటికీ మధ్య. పుల్ల ఆ రెండు చోట్లకూ దూరదు. కరిగిన ఖనిజాన్ని తిరిగి కట్టే ఫ్లోరైడ్‌నూ ఇవ్వదు. అడ్డంగా రంపంలా లాగితే చిగుళ్లు దిగి, పంటి మెడ అరిగి, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. పొద్దున పుల్ల వాడే అలవాటున్నవారు దాన్ని మానక్కర లేదు, రాత్రి మాత్రం పేస్టూ బ్రష్షూ పట్టాలి.

పళ్లపొడి వీటిలో అన్నిటికన్నా కిందిది. వేలు పాచిని పూర్తిగా తియ్యలేదు, గరుకు పొడి ఎనామిల్‌ను అరగదీస్తుంది. బొగ్గు, ఇటుక పొడి, గల్లుప్పు మరీ చేటు. తోమగానే తెల్లగా మెరవడం అరుగుదల వల్లే. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని 1992లోనే నిషేధించారు. పొగాకు పొడితో పళ్లు తోమే అలవాటు నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

మా ఓటు మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, రెండు నిమిషాలు, రెండు పూటలు. రెంటిలో రాత్రిది ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, ఆమ్లాన్ని కడిగే దిక్కుండదు. తోమాక చెంబెడు నీళ్లతో పుక్కిలించే అలవాటు మనకు బలంగా ఉంది, దాంతో పెట్టిన మందంతా కొట్టుకుపోతుంది. నురగ ఉమ్మేసి ఊరుకోండి. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి ముఖ్యం. బొరుగుల ఉండలు, బెల్లం పాకంతో చేసిన చెనిక్కాయల ఉండలు, బిస్కెట్లు పళ్లకు అతుక్కుపోతాయి. అన్నంతో పాటు ఒక్కసారి తినేస్తే నష్టం తక్కువ, గంటకోసారి కొరికితే ఎక్కువ. బెల్లమైనా చక్కెరైనా పంటికి ఒకటే. ఉత్త చెనిక్కాయలతో భయం లేదు.

మచ్చా, పుచ్చా?

రెండు వైపులా జత పళ్ల మీద ఒకేలా, గట్టిగా నునుపుగా ఉన్న తెలుపు, గోధుమ చారలు ఎక్కువగా ఫ్లోరోసిస్, అంటే మింగిన ఫ్లోరైడ్ పంటికి చేసిన చెడుపు. ఒక్క పన్ను మీద, చిగురు అంచునో గాడిలోనో పొడిబారిన సుద్దలా ఉంటే పుచ్చు మొదలైందని అనుమానించాలి. ఫ్లోరోసిస్ ముదిరిన పన్ను గుంతలు పడి, పెళుసై, తానూ పుచ్చుతుంది. "మాది ఫ్లోరైడ్ ఊరు, పళ్లు పుచ్చవు" అనుకోవద్దు.

ఆరో ఏట వచ్చే దవడ పన్ను దగ్గర చాలా ఇళ్లలో పొరపాటు పడతారు. పాలపళ్లన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుంటారు. నడిమి నుంచి లెక్కపెడితే ఆరోది. జీవితాంతం ఉండాల్సిన పన్ను. అది పూర్తిగా బయటికి రాగానే గాడులు మూసే సీలెంట్ వేయిస్తే పుచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పన్నెండో ఏట వచ్చే దాని వెనకటి పంటికీ అంతే.

పుచ్చాక ఏది మేలు?

తెల్లమచ్చ దశలో డ్రిల్లు అక్కర లేదు. ఫ్లోరైడ్ వార్నిష్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి పూస్తూ, ఇంట్లో తోమడం సరిచేస్తే చాలా మచ్చలు అక్కడే ఆగిపోతాయి.

గుంత పడ్డాక దారులు వేరు. కుర్చీలో కూర్చోని చిన్నపిల్లల పాలపళ్లకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ మంచిది. పన్ను ఆరబెట్టి నిమిషం పాటు చుక్క మందు అద్దుతారు, నొప్పి ఉండదు. పుచ్చు ఆగుతుంది, ఆ చోటు మాత్రం శాశ్వతంగా నల్లబడుతుంది. ఆరు నెలలకు మళ్లీ పూయాలి. ముందు పళ్లయితే ఆ నలుపుకు ఒప్పుకున్నాకే పూయించండి.

సిమెంటు పెట్టడమని మనవాళ్లనేదానిలో రెండు రకాలు. గ్లాస్ అయనోమర్ పంటికి తనంతట తాను అతుక్కుంటుంది, కాస్త తడినీ ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, కానీ నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది. పాలపళ్లకు, చిగురు పక్క గుంతలకు అదే నయం. కాంపోజిట్ పంటి రంగులో, గట్టిగా ఉంటుంది. పెద్దల దవడ పళ్లకు మా ఎంపిక అదే. దానికి పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి, రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేసి లైటుతో గట్టిపరచాలి. ఉమ్మి తగిలినా, ఒకేసారి గుంత నిండా కుక్కినా అంచు వదిలి కిందే మళ్లీ పుచ్చుతుంది. ఫ్లోరోసిస్ పంటికి పట్టు తక్కువ కాబట్టి కాంపోజిట్ పట్టడానికి ముందుగా పూసే ఆమ్ల జెల్ కాస్త ఎక్కువసేపు ఉంచాల్సి రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

చల్లదనానికి జివ్వుమని క్షణాల్లో తగ్గితే ఇంకా సిమెంటుతో సరిపోవచ్చు. వేడికి మొదలై నిమిషాల తరబడి లాగుతుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే నరం దాకా పోయినట్టే. లవంగ నూనె ఆ రాత్రికి ఊరట మాత్రమే, అదీ దూదికి ఒక్క చుక్క. ఎక్కువైతే చిగురు కాలుతుంది. పంటిలో పొగాకు, నొప్పి మాత్ర కుక్కడం పుండుకు దారి. యాంటీబయాటిక్ కోర్సు వాపు తగ్గించొచ్చు గానీ మూలం లోపలే ఉంటుంది.

అప్పుడు పీకించడమా, పన్ను ఉంచి లోపలి చెడిన నరాన్ని తీసే రూట్ కెనాలా? చిగురు పైన గోడలు మిగిలి, వేరు గట్టిగా ఉంటే రూట్ కెనాలే మేలు. పీకిస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి పన్ను కిందికో పైకో జరుగుతుంది, నమలడమంతా ఒక వైపుకు పడుతుంది. చిగురు కింది దాకా చీలితే, బాగా కదులుతుంటే పీకించడమే సరి. రూట్ కెనాల్ చేయించుకుని నొప్పి పోయిందని క్యాపు మానేసేవారు చాలామంది. దవడ పన్ను అలా వదిలేస్తే ఏదో ఒక రోజు చెనిక్కాయ కొరికినా నిలువునా చీలుతుంది, అప్పుడు పీకడం తప్ప దారి ఉండదు. ప్రైవేటు ఖర్చు భారమైతే కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కర్నూలులోనూ దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, ఖర్చు తక్కువ, తిరగాల్సిన సార్లు ఎక్కువ. చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఆ వంతుల కోసం ఆగొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.